పెండ్లికుమార్తె చేతి పత్రం



చర్చిలో పెండ్లికుమార్తె ప్రస్తావన ఎప్పుడొచ్చినా మనకు చెప్పేది ఎదురుచూపు గురించే. సంఘం వధువు, క్రీస్తు వరుడు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో బుద్ధిగల కన్యకల్లాగా సిద్దెలలో నూనె సిద్ధంగా ఉంచుకోవాలి. మంచిదే. కానీ యూదుల పెళ్ళిలో వధువుకు ఒక హక్కుపత్రం కూడా ఉండేది. దాని ఊసు ప్రసంగాల్లో నేను విన్నది బహు తక్కువ.

దాని పేరు కెతుబా. భర్త చనిపోయినా, విడాకులిచ్చినా భార్యకు ముట్టవలసిన సొమ్ము అందులో రాసేవారు. యూదుల ధర్మసంకలనం మిష్నా ప్రకారం కన్యకు 200 జూజులు, వితంతువుకు 100. (ఈ తేడా నాకు మింగుడుపడదు, అది వేరే సంగతి.) ఆ బాకీకి భర్త ఆస్తి అంతా పూచీ. ఆమె శత్రువులకు బందీగా చిక్కితే డబ్బు కట్టి విడిపించడం కూడా అతని బాధ్యతే. మనం పాటల్లో పాడుకునే 'విమోచన' అక్కడ భార్యకు చట్టం ఇచ్చిన హక్కు!

ఆ హక్కును వాడుకున్న స్త్రీ ఒకామె ఉంది. 1961లో మృతసముద్రం దగ్గరి గుహలో బబతా అనే యూదు స్త్రీ దాచుకున్న పత్రాలు తోలుసంచిలో దొరికాయి. వాటిలో ఆమె కెతుబా ఉంది, 400 జూజులకు. క్రీ.శ. 130లో, రెండో భర్త పోయాక, తన సొమ్ము కింద ఆయన ఖర్జూర తోటలు స్వాధీనంలో పెట్టుకుని ఆ ఏటి కాపు అమ్మింది. భర్త తరఫువాళ్ళు ఊరుకుంటారా? పెట్రాలో రోమను గవర్నరు ఎదుటికి రమ్మని సమను పంపారు. ఆ సమనును కూడా ఆమె జాగ్రత్తగా దాచుకుంది.