కనబడే కాగితం, చేతిలో ఉన్న కాగితం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. 34 ఏళ్ళు టైపుమిషను, ఫైళ్ళతో గడిపినవాణ్ణి. సర్వీసు చివర్లో మా సెక్షనుకు కంప్యూటరు వచ్చినా, దుమ్ము పడకుండా దాని మీద గుడ్డ కప్పి ఉంచడమే మేం దానికి చేసిన సేవ. అయినా నిరుడు నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని ఒప్పుకున్నాను.

మా అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు నా పి.పి.ఓ., ఇంటి దస్తావేజు, మా ఆవిడ గుండెకు స్టెంటు వేసిన నాటి డిశ్చార్జి కాగితాలు అన్నీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టాడు. నా ఫోనులో ఆ యాప్ వేసి, "ఇక సంచీ మోయక్కర్లేదు నాన్నా" అన్నాడు. నేనూ సంచీని అటకెక్కించాను.

ఒక రాత్రి ఆవిడకు ఆయాసం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయాం. పరీక్షల గది నేల కింది అంతస్తులో ఉంది. డ్యూటీ డాక్టరు పాత స్టెంటు వివరాలు, వాడుతున్న మందులు చూపించమన్నారు. ఫోను తీశాను. ఫైలు పేరు కనబడుతోంది, కాగితం మాత్రం తెరుచుకోదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అక్కడ సిగ్నలు లేదు. మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చి, అది తెరుచుకున్నాక వీధి దీపం కింద మందుల పేర్లు చీటీ మీద రాసుకుని కిందికి పరుగెత్తాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ కోలుకుంది. ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని, ఇదంతా ఎందుకు చెబుతున్నారని నా వంక గుర్రుగా చూస్తోంది.

సంగతేమిటంటే, క్లౌడ్ అనేది ఎక్కడో ఉన్న రికార్డు రూము. యాప్ దాని కిటికీ. కిటికీలోంచి ఫైలు చూసినంత మాత్రాన అది మన సొరుగులోకి రాదు. దాని కాపీ మన ఫోనులోకి తెచ్చుకోవడమే డౌన్‌లోడ్. అసలు అక్కడే ఉంటుంది, నకలు మన దగ్గరికి వస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో ఫైలు పేరు పక్కన మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కితే వచ్చే జాబితాలో 'డౌన్‌లోడ్' ఎంచుకోవాలి. ఐఫోనులో దారి కొంచెం వేరు. నకలును ఫైల్స్ యాప్‌లో దాచుకోవాలి. వచ్చిన కాగితం ఎక్కడికి పోయిందని వెతుక్కోకండి. ఫోనులోని ఫైల్స్ యాప్‌లో, డౌన్‌లోడ్స్ అనే అరలో ఉంటుంది. అదే జాబితాలో 'ఆఫ్‌లైన్' అనే మాట కూడా ఉంటుంది. దానితో సిగ్నలు లేకపోయినా చూడవచ్చు గానీ, డ్రైవ్ యాప్‌లోంచే చూడాలి. యాప్ తీసేస్తే అదీ పోతుంది. డౌన్‌లోడ్ ఎంతకీ కదలకపోతే, సెట్టింగుల్లో 'వైఫైలో మాత్రమే' అని పెట్టి ఉందేమో చూడండి. నాకు అదే అడ్డుపడింది, మనవరాలు కనిపెట్టింది. పరాయివారు పంపిన ఫైలైతే, యజమాని డౌన్‌లోడ్‌ను నిషేధించి ఉండవచ్చు. అప్పుడు ఆయన్నే అడగాలి.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి నేనొక తనిఖీ చేస్తాను. విమానం గుర్తు నొక్కి నెట్ ఆపేసి, ఫైల్స్ యాప్‌లోంచి ఆ కాగితం తెరుస్తాను. తెరుచుకుంటే అది నా దగ్గరున్నట్టు.

ఇంకో సంగతి. రెండేళ్ళపాటు ముట్టుకోని గూగుల్ ఖాతాలను, వాటిలోని ఫైళ్ళతో సహా తొలగించవచ్చన్న నియమం 2023లో వచ్చింది. మనం పోయాక ఆ ఖాతా తెరిచేదెవరు? కుటుంబ పింఛనుకు దరఖాస్తు చేసేనాడు పి.పి.ఓ. వివరాలు కావలసింది మన ఇంటావిడకు. అది మన పాస్‌వర్డు వెనకాల ఉంటే ఆమెకేం లాభం? అందుకే ముఖ్యమైన నాలుగు కాగితాలు ఆవిడ ఫోనులోకి కూడా దించాను. తెరవడం ఆవిడ చేతనే రెండుసార్లు చేయించాను.

స్కాన్ చేసిన కాగితం అసలుకు బదులు కాదని మరవకండి. 2015లో మొదలైన డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీచేసిన పత్రాలకు అసలుతో సమానమైన విలువ ఉంది. అందులోనే మనం స్వయంగా ఎక్కించుకున్న స్కానుకు ఆ హోదా లేదు. ఇక జిరాక్సు షాపు కుర్రాడి ఫోనుకు ఆధార్, పి.పి.ఓ. పంపి ప్రింటు తీయిస్తుంటాం. ప్రింటు చేతికొచ్చాక, ఆ నకలు అక్కడే నిలబడి చెరిపించండి. వాడేమనుకుంటాడోనని మొహమాటపడకండి. సెక్షనులో ట్రూ కాపీ మీద సంతకం పెట్టడానికి ఎంతమందిని తిప్పి తిప్పి పంపామో గుర్తు తెచ్చుకోండి!

అటక మీది సంచీ దించేశాను. అది మళ్ళీ బీరువాలో ఉంది. ఇప్పుడు టీ ఇస్తారట. ఫోను తెచ్చుకున్నవారు నా బల్ల దగ్గరికి రండి, ఆ మూడు చుక్కలు ఎక్కడున్నాయో చూపిస్తాను. సెలవు.