విరిగిన బోల్టు

మోటారును ఇనుప పీటకు బిగించిన బోల్టు తల తెగి, దాని మోడు మరలోనే నిలిచిపోయినచో ఏమి చేయవలెనో నేడు మనవి చేయదలచితిని. ఇది చిన్న విషయమువలె తోచును. కాని మన యిందుకూరుపేట ప్రాంతమున ఇండ్లలో నీళ్ల మోటారులున్నవి. చేల గట్లపై పంపులున్నవి. తీరము వైపున రొయ్యల గుంటలలో నీటిని చిలుకు యంత్రములున్నవి. ఒక్క బోల్టు తెగినచో ఇంటికి నీరు రాదు. రొయ్యల గుంటలో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గియుండు వేళ యంత్రము ఆగినచో, కొన్ని గంటలలోనే పంట నష్టమగును.

అట్టి తొందరలో ఎవరో ఒకరు పెద్ద సుత్తె తెచ్చి నాలుగు దెబ్బలు వేయుదురు. బోల్టు రాదు, పీట పగులును. స్వల్పమైన వెలగల బోల్టు కొఱకు పంపు అంతయు పాడగును. విరిగినది బోల్టు; కాపాడవలసినది పీట. ఈ మాట మరువకున్నచో పని సగము చక్కబడినట్లే.

ముందు బోల్టు ఎందుకు విరిగినదో తెలిసికొందము. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి సుమారు 3.5 పాళ్లు ఉండును. మైపాడు వైపు నుండి వీచు గాలి ఆ నీటి తుంపరలను మోసికొనివచ్చును. నీరు ఆరినను ఉప్పు ఇనుముపై నిలుచును. గాలిలోని తేమను పీల్చి, ఇనుమును ఎల్లప్పుడును చెమర్చియుండునట్లు చేయును. అందువలన తుప్పు త్వరగా పట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. బోల్టు మరచుట్లకును పీట మరచుట్లకును నడుమ ఉండు సందు మిక్కిలి సన్నము. ఆ సందులో తుప్పు ఉబ్బి చీలవలె బిగియును. అదే సమయమున తల క్రింది మెడ తినివేయబడి సన్నగిల్లును. పానా వేసి త్రిప్పగా మెడ తెగును. లోపలి భాగము కదలదు.

ఇందొక మేలు కలదు. తల తెగుటతో బోల్టును సాగదీసి ఉంచిన బిగువు పోయినది. మోడును ఇక పట్టియుంచునది తుప్పు ఒక్కటే. కనుక బలము చూపవలసిన పని లేదు. తుప్పు పట్టును సడలించవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

పనికి పూనుకొనుటకు ముందు మోటారునకు విద్యుత్తు తీసివేయవలెను. మీట ఆర్పుటతో తృప్తిపడరాదు. ఫ్యూజు తీసి జేబులో ఉంచుకొనవలెను. వీలైనచో మోటారును విప్పి పీటను వేరుచేయవలెను. కన్నులకు అద్దములు ధరించవలెను. డ్రిల్లు వాడునప్పుడు కండువాయు, వ్రేలాడు పంచె కొంగును దగ్గరకు రానీయరాదు.

మొదటి ఉపాయము నూనెయు, కాలమును. తీగ కుంచెతో తుప్పు రాల్చి, మోడు చుట్టును తుప్పు వదల్చు నూనె వేయవలెను. అది దొరకనిచో కిరసనాయిలులో పలుచని యంత్రపు నూనె కలిపి వాడవచ్చును. గంట కొకసారి నాలుగైదు మారులు వేసి, రాత్రి అంతయు వదలివేయవలెను. నడుమనడుమ చిన్న సుత్తెతో మోడు తలపై నిలువుగా తేలికగా తట్టవలెను. ఆ అదరునకు తుప్పు పగిలి, నూనె లోనికి దిగును. పీటను మాత్రము కొట్టరాదు. పంపు పాదములు సాధారణముగా పోత ఇనుముతో చేయబడును. పోత ఇనుము వంగదు, పగులును.

తరువాత త్రిప్పుట. సాధారణమైన బోల్టు గుడిచుట్టు ప్రదక్షిణము చేయు దిశను బిగియును. దానికి ఎదురు దిశను వదలును. మోడు కొంచెము పైకి కనబడుచున్నచో పెద్ద పట్టుకారుతో గట్టిగా పట్టి త్రిప్పవలెను. లేదా ఆకురాయితో రెండు ప్రక్కలు చదును చేసి పానా వేయవలెను.

నిరుడు మా యింటి పంపు పీటలో బోల్టు ఇట్లే తెగెను. మోడు గోరంత ఎత్తున మిగిలియుండెను. మా ఊరి కమ్మరి వచ్చి చూచి, నూనె వేసి, ఆ పూటకు దానిని ముట్టవలదని చెప్పి వెడలిపోయిరి. ఇంట నీటికి ఇబ్బంది కలిగినను రెండు రాత్రులు ఓర్చుకొని, చేదతో తోడుకొంటిమి. మూడవనాడు పట్టుకారు వేయగా మోడు కదలినది. కదలగానే ఆయన దానిని లాగుకొనిరాలేదు. పావుచుట్టు వెలుపలికి త్రిప్పి, మరల కొంచెము లోనికి త్రిప్పి, నూనె చుక్క వేసి, తిరిగి వెలుపలికి త్రిప్పిరి. అట్లు ముందునకు వెనుకకు పోవుచుండగా ఎఱ్ఱని బురద వెలువడెను. అరగంటలో మోడు చేతికి వచ్చినది. పీట మరచుట్లు చెక్కుచెదరలేదు. ఒకే ఊపున లాగియున్నచో ఆ తుప్పుపొడి ఉండకట్టి మోడు మరల బిగిసియుండెడిది.

మోడు పీటతో సమముగా తెగినచో పట్టు చిక్కదు. అప్పుడు దానిపై నట్టు నుంచి, నట్టు రంధ్రము గుండ వెల్డింగు చేయించి, చల్లారిన పిదప పానాతో త్రిప్పుట మంచి మార్గము. ఇందు వేడియు తోడ్పడును. ఇనుము ఒక్క డిగ్రీ వేడికి పది లక్షల పాళ్లలో సుమారు 12 పాళ్లు పెరుగును. 10 మి.మీ. రంధ్రము చుట్టును 200 డిగ్రీలు వేడి పెరిగినచో ఆ రంధ్రము 0.024 మి.మీ. వెడల్పగును. ఇది తలవెంట్రుక మందములో సుమారు మూడవవంతు. కాని తుప్పు పట్టు సడలుటకు చాలును. అయితే కిరసనాయిలు తడి ఉన్నచోట మంట చూపుట ప్రమాదము. జింకు పూత గల ఇనుమును కాల్చినపుడు వచ్చు పొగ పీల్చరాదు. మోటారును విప్పకుండ పీటను కాల్చినచో లోపలి తీగచుట్లు చెడును. వేడితోడి పని కొలిమివద్దనో వెల్డింగు కొట్టులోనో జరుగుట మేలు.

ఇవేవియు ఫలింపనిచో డ్రిల్లు వాడవలెను. మోడు నట్టనడుమ పంచితో గుంట పెట్టుటయే ఇందలి కీలకము. నడుమ తప్పినచో డ్రిల్లు పీట మరను తినును. 10 మి.మీ. బోల్టునకు మొదట 3 మి.మీ. రంధ్రము, పిదప 5 మి.మీ. రంధ్రము చేయవలెను. నూనె వేయుచు మెల్లగా త్రిప్పవలెను. ఎడమచుట్టు డ్రిల్లు దొరకినచో, రంధ్రము చేయుచుండగానే మోడు వదలి వచ్చుటయు కలదు. రంధ్రములో పెట్టి త్రిప్పు ఎడమమర పనిముట్టులు అంగళ్లలో ఉన్నవి. అవి మిక్కిలి గట్టివి, పెళుసైనవి. బలవంతము చేయగా లోపల విరిగినచో సాధారణమైన డ్రిల్లు వాటిని కోయలేదు. మొదటి కష్టముకంటె రెండవది పెద్దదగును. అది తిరుగకున్నచో ఆపవలెను.

చివరకు మోడును పూర్తిగా 8.5 మి.మీ. వఱకు తొలిచి, మరకోయు ట్యాపుతో పాత మరను శుభ్రపరుపవచ్చును. ఆ మరయు చెడినచో, పీటకు తగిన మందము ఉన్నప్పుడు 12 మి.మీ. మర కోయించవచ్చును, లేదా రంధ్రము ఆవలికి తొలిపించి క్రింద నట్టు వేయవచ్చును. కనుక పీటను పారవేయుటకు త్వరపడవలదు.

క్రొత్త బోల్టు తెచ్చునపుడు విరిగిన ముక్కను వెంట తీసికొనిపోవలెను. ఆంగ్లేయుడైన జోసెఫ్ విట్వర్త్ 1841లో మరలకు 55 డిగ్రీల కోణముతో ఒక ప్రమాణము ప్రతిపాదించెను. నేటి మెట్రిక్ మర కోణము 60 డిగ్రీలు. పాత యంత్రములలో అంగుళపు మరలు ఇంకను కనబడును. 3/8 అంగుళము బోల్టును 10 మి.మీ. బోల్టును కంటికి ఒకటే. ఒకదాని చోట మరొకటి వేసినచో ఒకటి రెండు చుట్లు తిరిగి బిగిసికొని, మరను చెఱచును. చేతితో సులువుగా తిరుగు బోల్టే సరియైన బోల్టు.

బిగించుటకు ముందు మరకు గ్రీజు రాయవలెను. మనకు ఆశ్వయుజ కార్తీకములలో పెద్దవానలు కురియును. ఆ వానలకు ముందొకసారి, తరువాత నొకసారి బోల్టులను వదులుచేసి, తుడిచి, గ్రీజు రాసి మరల బిగించినచో అవి తుప్పునకు చిక్కవు.

పెద్దలారా, మీ యింట ఇట్టి పని పడినపుడు పిల్లలు తొందరపడుట సహజము. వారి చేతికి పెద్ద సుత్తె ఇయ్యక, నూనెడబ్బా ఇచ్చి, ఒక్క రాత్రి ఆగుమని చెప్పుడు.