పెన్షన్ హక్కే, కానీ జవాబుదారీతనం ఎక్కడ?



తప్పు చేసి పరువు పోగొట్టుకున్న అధికారికి ప్రజల సొమ్ముతో నెలనెలా పెద్ద పెన్షన్ ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకు మనలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: ఆపేయాలి. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపాన్ని నిబంధనగా మార్చే ముందు, ఆ నిబంధన రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడాలి.

పెన్షన్ ప్రభుత్వం పెట్టే భిక్ష కాదని, ఉద్యోగి ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబర్‌లో నకారా కేసులో ఆ మాటనే మరింత గట్టిగా నిలబెట్టింది. నిబంధన లేకుండా ఉత్తర్వులతో పెన్షన్ ఆపితే అది రాజ్యాంగం 300ఏ అధికరణానికి విరుద్ధమని 2013లో జార్ఖండ్ కేసులో తేల్చింది.

అంటే ఎన్నటికీ ఆపలేమని కాదు. సర్వీసులో ఉండగా డిస్మిస్ అయితే గత సర్వీసంతా రద్దవుతుంది. రిటైరయ్యాక కూడా, తీవ్ర దుష్ప్రవర్తన విచారణలో రుజువైతే పెన్షన్‌ను పూర్తిగానో కొంతగానో ఆపవచ్చు. 1972 నాటి కేంద్ర నిబంధనల్లో ఇది 9వ నిబంధన, 2021 నిబంధనల్లో 8వది. ఆయుధం ఉంది. అది ఎవరి మీద లేస్తుంది, ఎవరి ముందు దిగిపోతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ చూడండి. ఫిర్యాదు నమోదు చేయకుండా కావాలని విధి ఎగ్గొట్టిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. అయితే అభియోగం మోపాలంటే ముందు పాలనాపరమైన విచారణ సిఫారసు కావాలి. అంటే యంత్రాంగం తన మనిషిని తానే పట్టివ్వాలి. ఇక రిటైరయ్యాక శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలంటే, ఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదు.

చుండూరును గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు శిక్షపడిన వాళ్లను నిర్దోషులన్నది. న్యాయం ఇన్నేళ్లు నడిచే దేశంలో నాలుగేళ్ల గడువు ఎవరికి రక్షణ?

ఇప్పుడు రెండో వైపు. పరువు పోయిందన్న ఒక్క మాట చాలనుకుంటే, పత్రికలో ఒక వార్త, పైఅధికారి ఒక నివేదిక సరిపోతాయి. అప్పుడు ముందుగా నష్టపోయేది పలుకుబడి లేని కిందిస్థాయి ఉద్యోగి. మన మొదటి తరం ఉద్యోగులకు 311వ అధికరణం ఇచ్చే రక్షణ ఎంత అవసరమో కార్యాలయాల్లో కులాన్ని భరించిన వాళ్లకు తెలుసు. ఆ పెన్షన్ మీదే ఇంటిల్లిపాదీ బతికే కుటుంబాలు మనవే.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ఒకటి, అత్యాచారాల చట్టం కింద శిక్షపడిన అధికారి పెన్షన్‌పై సమీక్ష గడువులోగా తప్పనిసరిగా జరగాలి. రెండు, ఆ చట్టం కింద విధి ఎగ్గొట్టిన వాళ్లకు నాలుగేళ్ల మినహాయింపు వర్తించకూడదు. మూడు, కోత తప్పుకు తగ్గట్టు ఉండాలి, కనీస పెన్షన్ మిగలాలి, భార్యాబిడ్డలను శిక్షించకూడదు. కోసిన సొమ్ము బాధితులకు చేరాలి.

ఈ మూడో మాట ఎందుకంటే, హత్యకు గురైన దళితుడి భార్యకు 2016 నిబంధనలు చెప్పే మూల పెన్షన్ నెలకు 5,000 రూపాయలు, దానిపై కరువు భత్యం. కేంద్ర ఉద్యోగి కనీస పెన్షన్ 9,000. పేద వృద్ధులకు, 80 ఏళ్లు నిండేదాకా, కేంద్రం ఇచ్చే వాటా 200. మురికి కాలువలో దిగే కాంట్రాక్టు కార్మికుడికి ఆపడానికి సర్కారు పెన్షనే లేదు. ఎవరి ముసలితనానికి ఎంత విలువ కట్టామో ఈ అంకెలే చెబుతాయి.

మీరు విద్యార్థులు, పరిశోధకులు. మీ జిల్లాలో 4వ సెక్షన్ కింద ఎన్ని విచారణలు జరిగాయి, ఎన్ని సిఫారసులు వచ్చాయి, ఎవరి పెన్షన్ ఆగింది? సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆపిన పెన్షన్లలో ఏ హోదా వాళ్లవి ఎన్నో కూడా అడగండి. ఆ జవాబులు చేతిలో ఉంటే మన వాదన కోపం దగ్గర ఆగిపోదు.

జై భీమ్.