మాగని ఎరువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్ దాటి చదివినవాణ్ణి కాను. శాస్త్ర విషయాలమీద మాట్లాడే అర్హత నాకు లేదు. అయినా మన సమాజం పిల్లలు ఆరుగురు కిందటి దసరా సెలవులలో మా మిద్దెమీద మొదలుపెట్టిన ప్రయోగాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. ఆ పిల్లలలో మా అమ్మాయి ఒకతె కావడమూ, ఆ మిద్దె మాది కావడమూ (అద్దెదే అనుకోండి) నాకున్న అర్హతలు.

అన్నిటికీ మూలం గోంగూర. ఈ ఊళ్ళో పుండిసొప్పు దొరకకపోదు. కాని మా అమ్మ దృష్టిలో అది గోంగూర కాదు. ఆమె గుంటూరు నుంచి చీరకొంగున విత్తులు కట్టుకొని వచ్చింది. గోంగూర ఎండను కోరే మొక్క. మార్గశిరమాసపు బెంగుళూరు చలిలో ముడుచుకొని కూర్చుంటుంది. బడిలో డిసెంబరులో వైజ్ఞానిక ప్రదర్శన ఉన్నది గనుక, దీనికొక అద్దాల ఇల్లు కట్టి, వంటింటి చెత్తతోనే ఎరువు చేసి పెంచుదామని పిల్లలు తీర్మానించారు.

ముందుగా లాల్‌బాగుకు వెళ్ళి అక్కడి గాజుమందిరం చూసి వచ్చారు. 1889 నవంబరు 30న ఆల్బర్ట్ విక్టర్ యువరాజు దానికి శంకుస్థాపన చేశాడు. ఆ ఇనుమంతా గ్లాస్గో నుంచి ఓడలమీద వచ్చినది. మనం బెంగుళూరు వంకాయ అని వండుకొనే కాయను ఈ ఊరికి తెచ్చినవారు అప్పటి లాల్‌బాగు అధికారి జాన్ కామెరాన్ గారే నంటారు. దాని పుట్టిల్లు మెక్సికో అట. మనకంటె దూరంనుంచి వచ్చి మనకంటె బాగా స్థిరపడినది!

మా పిల్లల మందిరం ట్రంకుపెట్టెకంటె కాస్త పెద్దది. ఎవరో పడగొట్టిన ఇంటి కిటికీ అద్దాలు, వెదురుబద్దలు. ఎండ లోపలికి వస్తుంది, కాగిన గాలి బయటికి పోలేదు, అంతే సూత్రం.

ఎరువు సంగతి అంత సులభంగా జరగలేదు. చెత్తను చివికించే విద్యలో ఈ ఊరిపేరు ప్రపంచమంతటా ఉన్నదని నాకూ అప్పుడే తెలిసింది. ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ గారలు కుప్పను తిరగవేస్తూ మాగించే పద్ధతిని 1931లో గ్రంథంగా ప్రకటించారు. ఆ మీదట 1939లో డాక్టరు సి. ఎన్. ఆచార్యగారు ఇక్కడే మరొక మార్గం కనిపెట్టారు. గోతిలో చెత్త ఒక పొర, మలం ఒక పొర, మళ్ళీ చెత్త. నిండగానే పైన మట్టి కప్పి అయిదారు నెలలు ముట్టుకోకుండా వదిలివేయడం. వాసన రాదు, ఈగలు ముసరవు. దీన్నే బెంగుళూరు పద్ధతి అంటారు. ఇంతటి ఊరు 2012 ప్రాంతంలో తన చెత్తను మండూరు, మావళ్ళిపుర గ్రామాలకు తోలి, ఆ ఊళ్ళవాళ్ళు అడ్డుపడేదాకా తెచ్చుకొన్నది.

మిద్దెమీద గొయ్యి ఎక్కడిది? పాత డ్రమ్ముకు చిల్లులు పొడిచి కూరతొక్కులు నింపారు. వారం తిరగకముందే కంపు! ఇంటి యజమానురాలు మెట్లెక్కి వచ్చారు. ఖాళీ చెయ్యమంటారేమో నని నాకు గుండె దడ. ఆమె డ్రమ్ములోకి తొంగిచూసి, “ఒణగిద ఎలె హాకి, మక్కళే” అని, తమ పెరట్లో ఊడ్చిన ఎండుటాకులు గోనెడు పంపించారు. తడిచెత్తకు రెండింతలు ఎండుటాకు పడగానే వాసన తగ్గింది. పైన మట్టి మెత్తారు.

డిసెంబరు రానే వచ్చింది. ఎరువు పైకి నల్లగానే ఉన్నది. చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా తగిలేది. లోపల ఇంకా ఉడుకుతున్నదని దాని అర్థం. గడువు దగ్గర పడినదని కుండీలకెత్తి మొలకలు నాటి అద్దాల పెట్టెలో పెట్టారు. పచ్చి ఎరువునుంచి అమ్మోనియా ఘాటు లేస్తుంది. ఆరుబయట గాలికి పోయేదే, పెట్టెలో పోలేదు. వారంలో మొలకలన్నీ పసుపెక్కి తల వేలవేశాయి. బయట ఉత్తమట్టిలో పెట్టినవి పొట్టిగానైనా బతికే ఉన్నాయి.

ఒక కుర్రవాడు, “నర్సరీనుంచి నాలుగు పుండి మొక్కలు తెచ్చి నాటితే ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు. మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “అలా చేయవచ్చునా, నాన్నా?” అని అడిగింది. సభాముఖంగా చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది, నేను వెంటనే కూడదనలేదు. రెండు నెలల శ్రమ కదా అని నసిగాను. అది కాసేపు ఊరుకొని, “మీ ఆఫీసులో తడిసి వచ్చిన మూటను పొడిగా వచ్చిందని రాసుకొంటారా?” అన్నది. రాయము. సరుకు తడిసియున్నది అని రిమార్కు రాసి సంతకం పెడతాము. నేనే ఎప్పుడో భోజనాలవేళ చెప్పిన మాట.

చచ్చిన మొక్కల కుండీలనే తీసుకుపోయారు. ఎండిన తేదీలు, కారణం అట్టమీద రాసి ముందు నిలబెట్టారు. బహుమతి రాలేదు. చూడవచ్చిన ఒక ఉపాధ్యాయుడు మాత్రం చాలాసేపు నిలబడి, ఎరువు ఎంత వెచ్చగా ఉండినదని అడిగి, ఈసారి థర్మామీటరు గుచ్చి చూడమని చెప్పి వెళ్ళారు.

మిగిలిన ఎరువు డ్రమ్ములోనే ఉండిపోయింది. మాఘమాసంలో మూత తీస్తే తొలకరి వానకు తడిసిన నేల వాసన. వేడి లేదు. ఆకేదో తొక్కేదో పోల్చడానికి వీలు లేదు. మా అమ్మ కొంగున మిగిలిన విత్తులు అందులో చల్లారు. అద్దాల పెట్టె అవసరం లేకపోయింది, ఎండలు వచ్చాయి.

ఇవాళ పంక్తిభోజనంలో వడ్డించే గోంగూర పచ్చడి ఆ కుండీలదే. లేత ఆకు, ఇంతమందికి చాలదు. మా అమ్మ మొదట ఇంటి యజమానురాలికి ఒక గిన్నెడు పంపించి, తక్కినది ఇక్కడికి తెచ్చింది. వెనుక పంక్తివారు మన్నించాలి.