కోకో: చెట్టు మనది, ధర యెవరిది?

(ఒక గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



అశ్వారావుపేట, దమ్మపేట మండలముల పామాయిలు తోటల నీడలో నొక క్రొత్త చెట్టు పెరుగుచున్నది. కొమ్మల చివరల గాక మ్రానునకే పూచి, మ్రానునకే కాయలు కాయుట దాని వింత. అదియే కోకో. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవి దాని పుట్టినిల్లు. మన దేశమున వ్యాపారపు సాగు 1965లో కేరళలోని వైనాడున ఆరంభమయ్యెను. నేడు గోదావరి తీరపు తోటల వలన ఆంధ్రప్రదేశ్ ఈ పంటలో దేశమున ప్రథమస్థానమున నున్నది. ఆ తోటలకు పొరుగే మన యీ సీమ.

నీడను కోరు చెట్టగుటచే దీనికి వేరుగ భూమి యక్కరలేదు. మూడవ యేటినుండి కాపు పట్టును. రాలిన యాకు నేలకు ఎరువగును. ఇంతవరకు లాభమే. అయినను చెట్టు పెంచినంతనే సంపద చేకూరదని మేము మనవి చేయుచున్నాము.

పచ్చిగింజ చేదు, వగరు. చాక్లెట్టు రుచి అందు లేదు. గింజలను గుజ్జుతో గూడ పెట్టెలలోనో బుట్టలలోనో పోసి, అరటియాకులు కప్పి, అయిదారు దినములు మాగబెట్టవలెను. నడుమ నడుమ కలియద్రిప్పవలెను. ఆ వేడిమికి ఊదారంగు గింజ గోధుమవన్నెకు మారి, రుచికి బీజము పడును. పిమ్మట తేమ నూటికి ఏడు పాళ్లకు దిగువరకు ఎండబెట్టవలెను. తొందరపడినచో రుచి చెడును. వానకు తడిసినచో బూజు పట్టును. బుట్ట, అరటియాకు, ఎండ ఏ కోయగూడెమున లేవు? లేనిది అన్ని దినములు ఆగుటకు వలసిన రొక్కము. సంతనాటికి అప్పు తీర్పవలసినవాడు పచ్చిగింజనే అమ్ముకొనక తప్పదు. దూది నమ్మి బట్ట కొనిన కాలపు కథయే ఇది.

ధరయు మన చేత లేదు. ప్రపంచపు కోకోలో సగమునకు పైగా ఐవరీకోస్టు, ఘానా దేశములది. అచట పంట దెబ్బతినగా 2024 డిసెంబరులో న్యూయార్కు విపణిలో టన్ను 12,000 డాలర్లు దాటెను. 2025లో అందు సగమునకంటె దిగువకు పడెను. ఆ యేడే ఏలూరు జిల్లా రైతులు గిట్టుబాటు ధరకై ఆందోళన సలిపిరి.

న్యాయవాద వృత్తిలో నున్న మాకు మఱియొక భయము కలదు. ధర గల పంట కనబడగనే భూమిపై కన్ను పడును. ఏజెన్సీలో గిరిజనుని భూమి గిరిజనేతరునికి చెందరాదని 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని కట్టుదిట్టము చేసిన 1970 నాటి మొదటి నిబంధనయు శాసించుచున్నవి. బదలాయింపనగా అమ్మకము మాత్రమే కాదు. తాకట్టును, కౌలును అందు చేరినవే. కోకో ఇరువదియేండ్లకు పైగా కాయు చెట్టు. నోటిమాట కౌలుపై వేసిన తోట, చెట్టు బ్రదికినంతకాలము భూమిని చేజార్చును.

ఉపాయము లేకపోలేదు. 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ అరకు కాఫీని గిరిజనులయొద్ద కొని, తన పేరనే అమ్ముచున్నది. ఆ మార్గముననే మాగబెట్టు పెట్టెలు, ఎండబెట్టు కళ్లము, సరకుపై ముందు సొమ్ము సహకార పద్ధతిని గూడెములకు సమకూరవలెను. చదువుకొన్న పట్టణవాసులము మనము తూకము చూడవచ్చును, లెక్క వ్రాయవచ్చును, శాసనమును చదివి చెప్పవచ్చును. రాబోవు సంతకు మాతో కూడ రాగలవారు సభానంతరమున పేరు వ్రాయింప ప్రార్థన.