మనిషి ఊపిరి, మూగజీవి ఊపిరి
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2020వ సంవత్సరంలో కోవిడ్ వ్యాధి ప్రపంచాన్ని చుట్టుముట్టిన నాటి నుండి అనేక గృహాలలో ఒక సందేహం తలెత్తింది. ఇంటిలో తిరుగాడే పిల్లి, కాళ్ళకు అడ్డంపడే కుక్కపిల్ల, పంజరంలోని కుందేలు వంటి ప్రాణుల నుండి పిల్లలకు జబ్బు సోకుతుందేమోనన్నదే ఆ సందేహం. ఆ భయంతో కొందరు తాము పెంచుకున్న జంతువులను వీధిలో విడిచిపెట్టారు. మరికొందరు ఇదంతా వట్టి అపోహ అని కొట్టివేశారు. ఈ రెండు ధోరణులలో ఏదీ సరియైనది కాదు. శ్వాసరోగాలను కలిగించే కొన్ని వైరస్‌లు చిన్న జంతువులకూ మనుషులకూ మధ్య రాకపోకలు సాగించగలవు. అయితే కోవిడ్ విషయంలో పెంపుడు జంతువు నుండి మనిషికి సోకిన సందర్భాలు అరుదు. మనిషి నుండి జంతువుకు సోకినవే అధికం. ఈ సత్యాన్ని గ్రహించిన కుటుంబం తన బిడ్డనూ, తనను నమ్ముకున్న మూగజీవినీ కూడా కాపాడుకోగలదు.

ఈ జ్ఞానం నిన్న మొన్నటిది కాదు. 1933లో లండన్ నగరంలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు ప్రబలినప్పుడు విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రోగుల గొంతు కడిగిన ద్రవాన్ని వడగట్టి, ఫెరెట్ అనే ముంగిసను పోలిన చిన్న జంతువుల ముక్కులలో వేశారు. కొద్ది దినాలకే వాటికి జ్వరం వచ్చింది; ముక్కులు కారాయి; తుమ్ములు మొదలయ్యాయి. మానవుల ఇన్‌ఫ్లుయెంజాకు కారణం వైరస్ అని ఆ విధంగా నిరూపితమయింది. 1936లో అదే పరిశోధనలో పాల్గొన్న చార్లెస్ స్టువర్ట్ హారిస్ అనే వైద్యుని ముఖం మీద ఒక రోగగ్రస్తమైన ఫెరెట్ తుమ్మింది. రెండు దినాలు గడవకముందే ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆయన గొంతు నుండి తిరిగి అదే వైరస్‌ను వేరుచేయగలిగారు. మనిషి నుండి జంతువుకు వెళ్ళిన రోగం జంతువు నుండి మనిషికి మరలి రాగలదని ఆనాడే తేటతెల్లమయింది.

అయితే ప్రతి వైరస్ ప్రతి జంతువుకూ సోకదు. వైరస్ కణంలోనికి ప్రవేశించాలంటే కణం పైభాగంలో దానికి సరిపడిన ఒక పదార్థం ఉండాలి. దానిని శాస్త్రజ్ఞులు గ్రాహకం అంటారు. తాళానికి తగిన చెవి ఉంటేనే తలుపు తెరచుకున్నట్లు, గ్రాహకం కుదిరితేనే వైరస్ లోపలికి పోతుంది. కోవిడ్ వైరస్‌కు పిల్లులలోనూ, ఫెరెట్లలోనూ, సిరియన్ హామ్‌స్టర్ అనే బుగ్గసంచుల చిట్టెలుకలలోనూ తగిన గ్రాహకం ఉన్నది. కుక్కలకు అది అంత సులభంగా సోకదు. సోకినా సాధారణంగా వాటి నుండి ఇతరులకు వ్యాపించదు. గ్రాహకం కుదిరిన చోట కూడా వ్యాధి వ్యాపించడానికి మరి మూడు అంశాలు తోడ్పడతాయి. అవి ఇరుకైన చోటు, గాలి ఆడకపోవడం, ఎక్కువసేపు దగ్గరగా మెలగడం.

ఈ సంగతులన్నింటినీ ఒక్క చోట చూపిన ఘటన 2022 జనవరిలో హాంగ్‌కాంగ్‌లో జరిగింది. ఆ నగరంలో అప్పటికి మూడు నెలలకు పైగా డెల్టా రకం కోవిడ్ స్థానికంగా వ్యాపించిన దాఖలా లేదు. అకస్మాత్తుగా పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే ఒక వ్యక్తికి ఆ వ్యాధి కనిపించింది. అదే దుకాణానికి వెళ్ళిన ఒక స్త్రీకీ, తరువాత ఆమె భర్తకూ సోకింది. ఈ వ్యాధి ఎక్కడ నుండి వచ్చిందని వెదకిన అధికారులు దుకాణంలోని జంతువులను పరీక్షించారు. పరీక్షించిన 16 సిరియన్ హామ్‌స్టర్లలో 8 వ్యాధి సోకినవిగా తేలాయి. ఆ దుకాణానికి సరుకు పంపే గోదాములో 12లో 7 అట్లే తేలాయి. పరీక్షకు గురియైన మరుగుజ్జు హామ్‌స్టర్లు, కుందేళ్ళు, గినీ పిగ్‌లలో ఒక్కదానికి కూడా వ్యాధి నిర్ధారణ కాలేదు. వైరస్‌ల జన్యుక్రమాలను సరిపోల్చి చూచిన పరిశోధకులు, విదేశం నుండి దిగుమతియైన హామ్‌స్టర్ల ద్వారానే ఆ వ్యాధి నగరంలో ప్రవేశించిందనీ, కనీసం రెండు పర్యాయాలు వాటి నుండి మనుషులకు సోకిందనీ నిర్ణయించారు.

ప్రభుత్వం దాదాపు రెండు వేల చిన్న జంతువులను చంపివేయాలని ఆదేశించింది. 2021 డిసెంబరు 22 తరువాత హామ్‌స్టర్లను కొన్నవారు వాటిని అప్పగించాలని ప్రకటించింది. ప్రజారోగ్యాన్ని కాపాడే బాధ్యత గలవారు త్వరపడక తప్పని స్థితి అది. కాని ఆ జంతువులు ఇళ్ళలో పిల్లల నేస్తాలు. కొందరు కన్నీళ్ళతో తెచ్చి అప్పగించారు. మరికొందరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, అప్పగింతకు తెచ్చిన వాటిని తాము సాకుతామని అడిగారు. ఇరుకు పంజరాలలో కిక్కిరిసి ఖండాంతరాలు దాటి వచ్చిన ఆ ప్రాణులు రోగాన్ని కోరి తెచ్చుకోలేదు. వాటిని అట్లా పెంచి, అట్లా పంపి, అట్లా అమ్మినది మానవ వ్యాపారమే.

ఇంకొక విశేషమున్నది. 2020లోనే హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఇదే జాతి హామ్‌స్టర్లతో ఒక ప్రయోగం చేశారు. వ్యాధిగల వాటి పంజరం ప్రక్కన ఆరోగ్యంగా ఉన్న వాటిని ఉంచి, గాలిని ఒకవైపు నుండి మరొకవైపుకు వీచేటట్లు చేశారు. అడ్డు లేనప్పుడు 15లో 10 హామ్‌స్టర్లకు వ్యాధి సోకింది. రెండు పంజరాల మధ్య శస్త్రచికిత్సలో వాడే మాస్కు గుడ్డను అడ్డుగా కట్టినప్పుడు 24లో 6 మాత్రమే వ్యాధిపాలైనాయి. మాస్కు విలువను మనిషికి బోధించిన ప్రాణులలో ఆ చిట్టెలుక కూడా ఒకటి.

థాయ్‌లాండ్‌లో 2021 ఆగస్టులో జరిగిన మరొక ఘటన ఈ వ్యాధి నడిచే త్రోవను స్పష్టంగా చూపుతుంది. కోవిడ్ సోకిన తండ్రీకొడుకులు తమ పిల్లితో ఒకే పడక మీద నిద్రించేవారు. ఆ పిల్లిని పరీక్షించే సమయంలో అది ఒక పశువైద్యురాలి ముఖం మీద తుమ్మింది. ఆమె మాస్కు, చేతితొడుగులు ధరించారు. కళ్ళకు మాత్రం రక్షణ లేదు. కొద్ది దినాలకు ఆమెకు వ్యాధి లక్షణాలు కనిపించాయి. నలుగురిలోని వైరస్ ఒక్కటేనని జన్యుపరీక్ష తెలిపింది. మనుషుల నుండి పిల్లికి, పిల్లి నుండి మనిషికి నడచిన ఈ త్రోవలో మొదటి అడుగు మనిషిదే. ఆ తండ్రీకొడుకులు అనారోగ్య దినాలలో పిల్లిని వేరొక గదిలో ఉంచి ఉంటే దానికీ, వైద్యురాలికీ ప్రమాదం చాలావరకు తప్పేది.

ఇన్‌ఫ్లుయెంజాకు కూడా ఇదే నీతి వర్తిస్తుంది. 2009లో మనుషులలో వ్యాపించిన కొత్త ఇన్‌ఫ్లుయెంజా అమెరికాలో కొన్ని ఇళ్ళలోని పిల్లులకూ, ఫెరెట్లకూ సోకింది. 2016 చివర న్యూయార్క్ నగరంలోని జంతు శరణాలయాలలో పక్షిజాతి ఇన్‌ఫ్లుయెంజా దాదాపు 500 పిల్లులకు వ్యాపించి, వాటికి చికిత్స చేసిన ఒక పశువైద్య నిపుణునికి కూడా తేలికగా సోకింది. 2024లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో బర్డ్ ఫ్లూ సోకిన ఆవుల పచ్చిపాలు త్రాగిన పిల్లులు అనేకం మరణించాయి. కాచిన పాలే త్రాగే తెలుగింటి అలవాటును ఇంటి పిల్లికి కూడా వర్తింపజేయడం మంచిది.

గృహస్థులు పాటించవలసిన నియమాలు కఠినమైనవి కావు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు కోలుకునే వరకు పెంపుడు జంతువును ముద్దాడరాదు, ఒకే పడకపై పరుండరాదు, ఎంగిలి పెట్టరాదు. దాని పోషణను ఇంటిలో ఆరోగ్యంగా ఉన్న మరొకరికి అప్పగించాలి. అట్టివారు లేనప్పుడు మాస్కు ధరించి, సబ్బుతో చేతులు కడుగుకొని మేత పెట్టాలి. ఈ వైరస్‌ల చుట్టూ క్రొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను ఛిద్రం చేస్తుంది. పంజరాన్ని గాలి ఆడే చోట ఉంచాలి. దానిని శుభ్రం చేసే పని పసిపిల్లలకు అప్పగించరాదు. జంతువుకు మాస్కు కట్టరాదు. ఫినాయిలుతోగాని, చేతులకు రాసుకునే శానిటైజరుతోగాని దాని ఒంటిని తుడవరాదు. ఫినాయిలు పిల్లులకు విషప్రాయం. జంతువు తుమ్ముతూ, మేత మానితే పశువైద్యునికి చూపాలి. చచ్చిపడిన పక్షులను పిల్లలు తాకకుండా చూడాలి. కుక్కకాటు వలన వచ్చే రేబిస్ ఈ శ్వాసరోగాలన్నిటికంటే భయంకరమైనది కనుక కుక్కకు, పిల్లికి ఆ టీకా తప్పక వేయించాలి.

పాఠశాలకు కూడా ఇందులో ఒక కర్తవ్యమున్నది. ఏడవ తరగతి పిల్లవాడు తన పిల్లిని ఇంటిలో ఉంచుకోవచ్చునా అని అడిగినప్పుడు భయపెట్టే జవాబుగాని, బుజ్జగించే జవాబుగాని ఇవ్వరాదు. "నీకు దగ్గు ఉన్నప్పుడు నీవే దానికి దూరంగా ఉండు, అది నిన్ను అడగలేదు కనుక నీవే గుర్తుంచుకో" అని చెప్పగలగాలి. తన వలన ఇతర ప్రాణికి కీడు కలుగవచ్చునని తెలిసిన పిల్లవాడు తరగతిలో తుమ్మేటప్పుడు మోచేతిని అడ్డం పెట్టుకుంటాడు. జ్వరం వచ్చిన నాడు ఇంటిలో ముసలి అమ్మమ్మకు ఎడంగా మసలుకుంటాడు. పిల్లికి నేర్పిన మర్యాదే మనుషులకూ పనికివస్తుంది.

డెబ్బది అయిదు వసంతాలుగా అన్యభాషా ప్రాంతంలో తెలుగు అక్షరాన్ని ఆరిపోనివ్వక నిలిపిన ఈ పాఠశాల, ఇటువంటి విజ్ఞానాన్ని కూడా పిల్లలకు వారి ఇంటిభాషలోనే అందించాలని ఆకాంక్ష. పిల్లలు బడిలో విన్న మాటను సాయంత్రం ఇంటిలో తాతయ్యకు తెలుగులోనే చెప్పగలిగినప్పుడు ఆ ఇంటివారందరికీ మేలు కలుగుతుంది.