అక్షరశుద్ధియే పాఠకసేవ



అక్షరమనగా నశింపనిది. కావుననే అందలి దోషము కూడ తేలికగా నశింపదు. నోట దొర్లిన తప్పును వక్త మరుక్షణమే దిద్దుకొనగలడు. వ్రాతకు ఆ అవకాశము లేదు. చదువరి చెంత వివరించుటకు మనముండము.

శ్రీకూర్మ క్షేత్రమున స్తంభములపై శాసనములను చూచియుందురు. అఖండదీపములకు ఎవరేమి సమర్పించిరో అవి నేటికిని తెలుపుచున్నవి. ఇచ్చినవారు లేరు, చెక్కినవారు లేరు, అక్షరమే సాక్షి.

‘ప్రదానము’ అనగా ఇచ్చుట, ‘ప్రధానము’ అనగా ముఖ్యమైనది. ‘అర్థము’లోని చుక్క జారినచో ‘అర్ధము’ అగును, సగమే మిగులును!

మా అనుభవమొకటి విన్నవింతుము. ఒకప్పుడు గ్రహణదినమున ‘దర్శనముండదు’ అని ప్రకటింపవలసినచోట, మా అశ్రద్ధవలన ‘దర్శనముండును’ అని అచ్చుపడినది. దూరగ్రామమునుండి ఒక వృద్ధురాలు మనుమనిచే ఆ కాగితము చదివించుకొని, ఎండలో నడచివచ్చి, మూసిన తలుపులయెదుట కూర్చుండెను. మేము క్షమాపణ వేడగా, “అచ్చులో తప్పుంటాదేటి బావూ! నాకే పేప్తం నేదు” అనెను. తప్పు మాది; నింద తనపై వేసికొన్నది ఆమె. అచ్చుపై సామాన్యునకుగల విశ్వాసము అంతటిది.

ఆమె ‘నేదు’ అనుట తప్పు కాదు, అది ఈ సీమ పలుకుబడి. మేము ‘ఉండును’ అని అచ్చువేయుటయే తప్పు. ఈ భేదమును గ్రహింపక, ‘వ్యావహారికమునకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మనవారే గదా, ఇక నియమములెందుకు?’ అని కొందరందురు. 1863లో శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో జన్మించిన ఆ మహనీయులు అశ్రద్ధను కోరలేదు. చదువరికి అందని భాషను అతనిపై మోపరాదనిరి. వ్రాతకు నోచుకొనని సవరభాషను నేర్చి, దాని ధ్వనులను జాగ్రత్తగా అక్షరబద్ధము చేసి, వాచకములను, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. జీవద్భాషకును నియమమున్నదని వారి కృషియే చాటుచున్నది.

కావున వ్రాసినదానిని మరల చదువుడు. విషయమెరుగని వారొకరిచే బిగ్గరగా చదివించి వినుడు. వారు తడబడినచోట దిద్దుడు. ఇది పాండిత్య ప్రదర్శనము కాదు. మనలను నమ్మి నడచివచ్చు వారికి దారి చూపుట. ఆనాటినుండి మేమును ప్రతి ప్రకటనను ఇట్లే చదివించి, పిమ్మటనే అచ్చునకు పంపుచున్నాము.

స్వస్తి.